నేను తర్ఫీదిచ్చిన మేకపోతు

నా వల్ల జరిగిన నష్టాలలో చాలావాటికి తగిన సంజాయిషీలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఈ ఒక్కదానికి మాత్రం ఇన్నేళ్లు వెతికినా దొరకలేదు. ఒక దేవతను, ఒక కుటుంబాన్ని, ఒక మేకపోతును ఒకే పూటలో, ఒకే చెంబుతో అయోమయంలో పడవేసిన ఉదంతమిది. వారిలో మేకపోతు ఒక్కటే త్వరగా తేరుకుంది. మిగిలినవాళ్లం ఇంకా తేరుకుంటూనే ఉన్నాం.

ముందు నా గుణం గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగినది మీరు నమ్మరు. పుట్టింది హుస్నాబాద్ దగ్గర. ఉద్యోగం గోదావరి పక్కన ఒక బొగ్గు గని స్టోర్సులో. గనిలోకి దిగే మనిషికి ఇచ్చే దీపం గాని, టోపీ గాని, తాడు గాని, ముందు నేను పరీక్షించి, పని చేస్తుందని రూఢి చేసుకున్న తరువాతనే కిటికీలో నుంచి అవతలికి ఇచ్చేవాణ్ని. మనుషుల ప్రాణాలతో పని గనుక ఆ పట్టింపు అక్కడ అవసరం. చిక్కల్లా ఏమిటంటే, డ్యూటీ దిగిన తరువాత ఆ పట్టింపు కూడా నా వెంట సైకిలెక్కి ఇంటికి వచ్చేది. కొత్త గొడుగు కొంటే వాన పడేదాకా ఆగలేక, ఎర్రటి ఎండలో క్వార్టర్ల మధ్య ఉన్న బోరింగు కింద గొడుగు విప్పుకొని కూర్చుని, పక్కింటాయనను హ్యాండిలు కొట్టమని బతిమాలిన మనిషిని నేను. గొడుగు కారలేదు. మా ఆవిడ పద్మ మాత్రం ఆ వారమంతా వాడకట్టులో తల ఎత్తుకోలేకపోయింది. అప్పటికి మా పెళ్లయి ఏడాది కూడా కాలేదు.

మా అత్తగారి ఊరు గోదావరి ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. ఊరివాళ్లకు చెన్నూరు వైపు ఒక కాలనీ కట్టించి ఇచ్చారు. మునగకుండా మిగిలింది ఊరి పక్కన ఉన్న పోచమ్మ గుట్ట, అది కూడా కొస మాత్రమే. చుట్టూ నీళ్లు చేరి అదొక దీవి అయింది. అమ్మవారు అక్కడే ఉండిపోయింది. ఏదైనా మొక్కు ఉంటే పడవ కట్టించుకొని పోవలసిందే.

నా బామ్మర్ది తిరుపతి అంతకు ముందు దుబాయి పోయి, కంపెనీ మూతపడి, క్యాంపులో నానా అగచాట్లు పడి ఎట్లాగో ఇల్లు చేరాడు. మళ్లీ ఇంకో కంపెనీ నుంచి వీసా వచ్చింది. కాగితాలు నేను చదివాను. అక్షరం అక్షరం పరీక్షించి, "అన్నీ పక్కా ఉన్నయి" అని నేనే ప్రకటించాను. ఇల్లంతా సంతోషించింది. మా అత్తగారు రాజవ్వ ఒక్కరే చేతిలోని చేట కింద పెట్టి, నిదానంగా అన్నారు:

"పోయినసారి అమ్మకు చెప్పకుంట పోయిండు. గందుకే గంత పరేషాన్ అయ్యిండు. గీసారి గుట్టకు పోయి అడుగుడే. యాట ఒళ్లు దులిపితె పోవాలె. దులుపకుంటె టికెట్ గోదాట్లె ఏసుడే."

"టికెట్ ఫోన్ల ఉంటది అత్తమ్మా," అన్నాను, ఖచ్చితత్వం కోసం.

"గట్లయితె ఫోన్ ఏసుడే."

మా వైపు ఆచారం తెలియనివారి కోసం ఒక మాట. మొక్కుకున్న యాటను, అంటే మేకపోతును, అమ్మవారి ముందు నిలబెట్టి, పసుపు నీళ్లు మీద పోసి, చేతులు జోడించి ఎదురుచూస్తారు. అది ఒళ్లు దులిపితే అమ్మ ఒప్పుకున్నట్టు. దులపకపోతే ఒప్పుకోనట్టు. అప్పుడు ఏం తప్పు జరిగిందో వెతుక్కోవాలి, ఒప్పుకోవాలి, మళ్లీ నీళ్లు పోయాలి. అంతవరకు పొయ్యి అంటించరు, ఎవరూ ముద్ద ముట్టరు. ఒక మనిషి దుబాయి పోవడమో ఇంట్లో ఉండడమో మేకపోతు వీపు మీద ఆధారపడి ఉన్నదన్నమాట. స్టోర్సు మనిషినైన నాకు ఇది ఎంత ఆందోళన కలిగించి ఉంటుందో మీరే ఊహించండి.

తెల్లవారగానే బయలుదేరాం. పడవలో మా మామగారు లింగయ్య, అత్తగారు, అదే ఊరిలో కాపురమున్న ఆమె తల్లి భూదవ్వ, పద్మ, తిరుపతి, నేను. నడిపేవాడు కొమురయ్య అనే బెస్తాయన. మేకపోతును నా ఒడిలో కూర్చోబెట్టారు. కొత్త అల్లుడికి ఇచ్చే మర్యాద కాబోలు అనుకున్నాను. అది నా చొక్కా గుండీలను ఒక్కొక్కటే నాకి చూస్తూ వచ్చింది. ఆ పరీక్షించే గుణం చూసి నాకు దాని మీద గౌరవం కలిగింది.

నీళ్ల మధ్యకు వచ్చాక కొమురయ్య ఇంజను ఆపేశాడు. ఆ చప్పుడు ఆగిపోగానే, అంతసేపూ ఎక్కడో దాక్కుని ఉన్న నిశ్శబ్దం ఒక్కసారిగా వచ్చి పడవలో మా మధ్య కూర్చుంది.

"ఊరొచ్చింది. చెప్పులు ఇడువుండ్రి," అన్నాడు కొమురయ్య.

అందరూ చెప్పులు విడిచారు. నేను చుట్టూ చూశాను. ఎటు చూసినా నీళ్లే.

"ఊరేది?" అన్నాను.

"కిందున్నది బావా," అన్నాడు తిరుపతి. "ఇండ్ల మీదికెల్లి చెప్పులతోని పోతరా ఎవలన్న?"

నేను బూట్లు విప్పాను. లేసులు ముడిపడి ఆలస్యమైంది. పడవలో ఒక్కరూ నవ్వలేదు, తొందరపెట్టలేదు. గడ వేసి కొమురయ్య పడవను మెల్లగా తోస్తున్నాడు. మా అత్తగారు అంచు మీద నుంచి వంగి నీళ్లలోకి చూస్తున్నారు. "గిది మన వాడకట్టు... గిక్కడికెల్లి ఎడమకు..." అని గొణుక్కుంటూ, ఒకచోట చేయి నీళ్లలో ముంచి కళ్లకద్దుకున్నారు. "మన గల్మ," అన్నారు. గల్మ అంటే గుమ్మం. ఆ గుమ్మంలో పెళ్లికూతురుగా కాలుపెట్టిన మనిషి, ఇప్పుడు దాని మీదుగా పడవలో పోతున్నది.

"మెల్లగ పోనియ్యి కొమురయ్యా," అన్నది వెనక నుంచి భూదవ్వ. "నా పొయ్యి మీద పాలున్నయి, ఒలుకుతయి."

అందరూ నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నేను నీళ్లలోకి చూశాను. పచ్చటి చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. అయినా కాళ్లు దగ్గరికి ముడుచుకొని కూర్చున్నాను, ఎవరి ఇంటి కప్పు మీదనో ఉన్నానని.

గుట్ట చేరాక ఇంకో సంగతి చూశాను. గుడి మెట్లు నీళ్లలో నుంచే పైకి వస్తున్నాయి. అడుగున ఎన్ని ఉన్నాయో తెలియదు. కింద ఊళ్లో నుంచి ఇంకా ఎవరో బోనమెత్తుకుని ఎక్కి వస్తారేమో, తప్పుకుని దారి ఇవ్వాలేమో అన్నట్టు ఉంది ఆ చోటు. పైన బండరాళ్లు, సీతాఫలం పొదలు, రెండు వేపచెట్లు, కొమ్మల నిండా తెల్ల కొంగలు. మమ్మల్ని చూసి అవి అరవను కూడా లేదు. గనిలో పని చేసేవాడికి నిశ్శబ్దం అంటే ఒక సైరనుకూ ఇంకో సైరనుకూ మధ్య దొరికే కాస్త విరామం. ఇక్కడిది అలాంటిది కాదు. దీనికి ఈ చివర గాని, ఆ చివర గాని ఉన్నట్టు తోచలేదు. నా ఊపిరి చప్పుడు నాకే మర్యాద లేనట్టు వినిపించి, మెల్లగా పీల్చుకోవడం మొదలుపెట్టాను.

ఇంతటి చోట, ఇంతటి నిశ్శబ్దంలో, నేను చేసిన పని వినండి.

ఆడవాళ్లు గుడి ముందు గడ్డి పీకి అలకడానికి పైకి పోయారు. మామగారు, తిరుపతి, కొమురయ్య కట్టెలు, సామాను మోసుకుపోయారు. "అల్లుడా, మీరు జర యాటను పట్టుకోండ్రి," అని అత్తగారు తాడు నా చేతికిచ్చి వెళ్లారు. నీటి అంచున నేను, మేకపోతు, ఒక ఇత్తడి చెంబు మిగిలాం.

అక్కడ నాలో స్టోర్సు మనిషి మేల్కొన్నాడు. ఇది ఒళ్లు దులుపుతుందా? దులుపుతుందని హామీ ఏమిటి? ఎవరు పరీక్షించారు? అమ్మిన గొల్లాయన ఏమైనా చెప్పాడా? పరీక్షించని దీపాన్ని గనిలోకి పంపనివాణ్ని, పరీక్షించని మేకపోతును దేవత ముందుకు ఎట్లా పంపుతాను? పైగా కాగితాలు పక్కా అన్నది నేను. చివరకు మేక దగ్గర పని చెడితే ఆ మాట ఎవరి మీదికి వస్తుంది?

చెంబుతో కాసిన్ని నీళ్లు తీసి దాని వీపు మీద పోశాను. మేకపోతు మూతి నుంచి తోక దాకా అలలాగా ఒళ్లు దులిపింది. నా కళ్లజోడు నిండా చుక్కలు. అబ్బ, ఎంత ముచ్చటైన దులపరింపు! అక్కడితో ఆగి ఉంటే నేను ఈ రోజు ఇది రాస్తూ ఉండేవాణ్ని కాదు. కానీ ఒక్కసారి పని చేసినంత మాత్రాన వస్తువు మంచిదని రాసివ్వడం మా స్టోర్సు పద్ధతి కాదు. మళ్లీ పోశాను. మళ్లీ దులిపింది. మెడ మీద పోస్తే ఎట్లా ఉంటుంది? నడుము మీద? చెవి దగ్గర పోస్తే అన్నిటికంటే బాగా దులుపుతున్నదని కనుగొని ఎంతో పొంగిపోయాను. ఎన్నిసార్లు పోశానో ఆ రోజు డైరీలో ఉంది. పరువు కోసం ఇక్కడ రాయను.

"ఏం చేస్తున్నవయ్యా కింద?" పైనుంచి పద్మ కేక.

"యాటకు నీళ్లు తాపుతున్న!"

"గంతసేపా? చెరువు తాపుతున్నవా?"

చివరి రెండు చెంబులకు మేకపోతు దులపలేదు. నెమరు వేస్తూ నా వైపు చూసింది, అంతే. అలసిపోయినట్టుంది, కాస్త విశ్రాంతి ఇస్తే సరిపోతుందనుకున్నాను. నా తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, ఎండలో నిలబెట్టి ఆరబెట్టి, ఏమీ ఎరగనట్టు పైకి తోలుకుపోయాను.

గుడి అంటే పెద్దదేమీ కాదు. మూడు బండలు నిలబెట్టి, ఒక బండ కప్పు వేసిన చోటు. లోపల పసుపు ముఖం, కుంకుమ బొట్టు. తలుపు లేదు. ఎదురుగా కనుచూపు మేర నీళ్లు. అమ్మవారు కూర్చుని ఆ నీళ్ల వైపే చూస్తున్నది.

మేకపోతును నిలబెట్టారు. మామగారు కత్తి పట్టుకుని పక్కన నిలుచున్నారు. అత్తగారు పసుపు నీళ్ల చెంబు ఎత్తి, "అమ్మా పోచమ్మా, కొడుకు మల్ల పోతున్నడు. పోవాలంటె సెలవియ్యి," అని పోశారు.

మేకపోతు నెమరు వేసింది.

మళ్లీ పోశారు. నీళ్లు వీపు మీద నుంచి కారి, కడుపు కింద చుక్కలు చుక్కలుగా పడ్డాయి. మేకపోతు దూరంగా ఉన్న కొంగలను చూస్తూ నిలబడింది, పింఛను కోసం లైనులో నిల్చున్న మనిషంత ఓపికగా.

"ఏదో తప్పయ్యింది," అన్నారు అత్తగారు. "ఎవలేం చేసిన్రో చెప్పుండ్రి."

నేను నోరు తెరిచాను. కానీ మామగారు నాకంటే ముందు తెరిచారు.

"నేనే," అన్నారాయన, కత్తి వైపు చూస్తూ. "అమ్మ ముందల పొయ్యనీకె తెచ్చిన కల్లు... ఎండకు పులుస్తదని... పడవ దిగినంక జర తగ్గిచ్చిన."

"జరనా?" అన్నారు అత్తగారు, కుండ ఊపి చూసి. "గిండ్ల ఇంక ఉన్నదే జర గదా!"

లెంపలు వేయించారు. నీళ్లు పోశారు. మేకపోతు కదలలేదు.

పద్మ తల దించుకుంది. "అవ్వా, అమ్మకు తెచ్చిన చీర... అంచు మంచిగున్నదని నిన్న ఒక్కపారి కట్టుకొని అద్దంల సూసుకున్న."

"ఎట్లున్నది?" అన్నది భూదవ్వ ఆసక్తిగా.

"మంచిగనే ఉన్నది అమ్మమ్మా."

లెంపలు. నీళ్లు. మేకపోతు చెవి కూడా ఆడించలేదు. కొమురయ్య ముందుకు వచ్చి, గుడి బండ కింద వల వేయవద్దని ఉన్నా వేశాననీ, పెద్ద వాలుగ చేప పడిందనీ ఒప్పుకున్నాడు. నీళ్లు. లేదు.

చూడండి, వాళ్లు ఒక్కొక్కరూ తమ తప్పు బయటపెడుతుంటే, అసలు కారణం తెలిసిన నేను వేపచెట్టును ఆనుకుని, ఆ చెట్టులో భాగమైపోవాలని ప్రయత్నిస్తున్నాను. చెప్పడం తేలిక కాదు. ఎంత ఆలస్యమైతే నా తప్పు అంత లావెక్కిపోతున్నది.

అప్పుడు భూదవ్వ లేచింది. ఆమె చేతి కర్ర పక్కన పడేసి, గుడి ముందు నేల మీద కూర్చున్నది.

"తల్లీ, నేను నిన్ను తిట్టిన," అన్నది. "నీళ్లొచ్చిననాడు. ఊరంత మునుగుతుంటె నువ్వొక్కదానివి గుట్టెక్కి ఆరాముగ కూసున్నవని నోటికొచ్చినట్టు తిట్టిన. ట్రాక్టర్ల సామాను ఎక్కిచ్చినంక నీకు మొక్కకుంటనే మొకం తిప్పుకొని పోయిన."

ఎవరూ కదలలేదు. కొంగలు కూడా.

"గిప్పుడు సూస్తే సమజైతున్నది. మేమన్న అందరం ఒక్కకాడ ఉన్నం. నువ్వు గీడ ఒక్కదానివే ఉన్నవ్. నీది సుత ఊరు పోయింది గద తల్లీ."

గాలి నీళ్ల మీద నుంచి వచ్చి వేపాకులను కదిలించింది. నేను అంతకు ముందు గుళ్లు చాలా చూశాను, మంత్రాలు విన్నాను. ఒక ముసలమ్మ ఒక దేవతను ఓదార్చడం మాత్రం అదే మొదలు. అత్తగారు కళ్లు తుడుచుకుని, భక్తిగా, నిండు చెంబు పోశారు. ఆ క్షణాన గుట్టే ఒళ్లు దులిపి ఉండినా నేను ఆశ్చర్యపోయేవాణ్ని కాదు.

మేకపోతు నెమరు వేసింది.

"అవ్వా," అన్నాడు తిరుపతి. "వాళ్లది కాదు. తప్పు నాది. నాకు పోబుద్ధయితలేదు."

"ఏంది?"

"దుబాయి. టికెట్ వచ్చిన కాన్నుంచి బువ్వ గొంతుల దిగుతలేదు. కొమురయ్య కాకతోని చేపలకు పోతున్న గద, గది మంచిగున్నది. ఊరి మీదనే తిరుగుతున్నట్టుంటది. అమ్మకు తెలిసింది. గందుకే యాట దులుపుతలేదు."

"మరి గిన్ని దినాలు చెప్పకపోయినవేందిరా?"

"ఎట్ల చెప్పాలె? బావ కాయితాలన్ని పక్కా ఉన్నయన్నడు. అందరు సంబురపడ్డరు."

అందరూ నా వైపు తిరిగారు. నేను చెట్టులో భాగం కాలేకపోయానని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా స్థితి మీరే ఆలోచించండి. నిజం చెబితే, అమ్మ వద్దనలేదనీ, అది కేవలం నా చెంబు మహిమేననీ తేలిపోతుంది. తిరుపతికి దొరికిన ఒక్క ఆసరా పోయి, మర్నాడు విమానం ఎక్కవలసి వస్తుంది. చెప్పకపోతే, నా వెర్రి పనిని ఒక దేవత మాటగా చలామణి చేసినవాణ్నవుతాను. గనిలో ఇంత చిక్కు ఎన్నడూ రాలేదు. ఆలోచించుకోవడానికి కాస్త సమయం కావాలనిపించి, "కింది నుంచి సల్లటి నీళ్లు తెస్త," అని చెంబు లాక్కుని మెట్ల వైపు పరుగుతీశాను.

నీళ్లలో ఉన్న మొదటి మెట్టు మీద పాకురు ఉంది. దాన్ని నేను పరీక్షించలేదు.

చెప్పుకోదగ్గ చప్పుడుతోనే పడ్డాను. కొంగలన్నీ లేచిపోయాయి. అవి ఆ పొద్దున మొదటిసారి అరిచింది నన్ను చూసే. కొమురయ్య పరుగెత్తుకొచ్చి గడ అందించి పైకి లాగాడు.

"చెంబు నింపుకోనీకె గంత లోపలికి పోతరా సారూ?" అన్నాడు ఎంతో మర్యాదగా.

నీళ్లోడుతూ, చెంబు మాత్రం వదలకుండా, గుడి ముందుకు వచ్చి నిలబడ్డాను. అప్పుడే గాలి కొట్టింది. చలి వెన్నులో మొదలై, నా ప్రమేయం లేకుండా తల నుంచి పాదాల దాకా పాకింది. తడి కోడిలాగా, నిండుగా, అడ్డంగా, నిలువుగా ఒళ్లు దులిపాను.

"పోచమ్మ తల్లీ!" భూదవ్వ కేక గుట్టంతా మోగింది. "ఒప్పుకున్నది! అమ్మ ఒప్పుకున్నది!"

అందరూ సాష్టాంగపడ్డారు. కొమురయ్య కూడా. నిలబడి ఉన్నది నేనూ, మేకపోతూ. మేకపోతు మొట్టమొదటిసారిగా నెమరు ఆపి నన్ను శ్రద్ధగా చూసింది.

"ఎవలను ఒప్పుకున్నది?" అన్నారు మామగారు లేస్తూ.

"కనవడుతలేదా? అల్లున్ని!"

మామగారు చేతిలోని కత్తి వైపు చూశారు. తరువాత నా మెడ వైపు చూశారు. ఆయన మంచివాడు, చీమను తొక్కడు, కానీ కుండలో తగ్గిన కల్లు ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు.

"నేనే!" అని అరిచాను. "నేనే చేసిన! యాటకు పొద్దుగాల నేనే నీళ్లు పోసి సూసిన!"

అత్తగారు నిదానంగా లేచారు. "మీరు పోసిన్రా?"

"పోసిన అత్తమ్మా."

"ఎన్నిపార్లు?"

"శానాపార్లు."

"ఎందుకు?"

"దులుపుతదో దులుపదో సూద్దామని."

"మరి దులిపిందా?"

"మస్తు దులిపింది అత్తమ్మా. చెవికాడ పోస్తెనైతె ఇంక మంచిగ దులిపింది."

"గొడుగు!" అన్నది పద్మ, రెండు చేతులతో నెత్తి పట్టుకుని. "మల్ల గా గొడుగు కతనే!"

మామగారు కుండ మీద పడి నవ్వారు. కొమురయ్య మర్యాద కోసం గుడి వెనక్కి పోయి నవ్వాడు. నవ్వనివాళ్లు ఇద్దరే. తిరుపతి ముఖం వాడిపోయింది. అత్తగారు కొడుకునూ మేకపోతునూ మార్చి మార్చి చూస్తున్నారు.

"అంటె అమ్మ వద్దనలే," అన్నారు చివరికి. "అల్లుడు దానికి అలవాటు చేసిండు. జర ఆగుదాం. యాట మర్చిపోయినంక మల్ల నీళ్లు పోద్దాం."

అట్లా ఆ దీవి మీద, ఆకలితో, ఒక మేకపోతు మతిమరుపు కోసం మేమందరం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

"యాట సంగతి తర్వాత," అన్నది భూదవ్వ. "పిలగాడు అమ్మ ముందల దులిపిండా లేదా? గది వట్టిగ పోదు. మనిషినైతె కొయ్యం గద. ఎంటికలన్న ఇయ్యాలె."

ఆ చోట కత్తెర ఒక్క కొమురయ్య దగ్గరే ఉంది. వల దారాలు కోసేది. పట్టుకున్నది మామగారు. ఆయన చేయి ఆ పూట అంత నిలకడగా లేదు. ఒక పక్క గట్టుదాకా గొరిగి, ఇంకో పక్క దారి తప్పి, మధ్యలో ఆగి నవ్వుకుని, మొత్తం మీద పశువులు మేసి వదిలేసిన బీడులాగా నా తలను తయారు చేశారు. తరువాత నెల రోజులు నేను గనిలో టోపీ తీయలేదు. స్టోర్సు కిటికీ లోపల నీడలో కూర్చునేవాడికి టోపీ ఎందుకని మా పై అధికారి అడిగితే, పరీక్షిస్తున్నానని చెప్పాను.

అమ్మ ముందు నా జుట్టు ఉంచి, భూదవ్వ నా తల మీద చెంబెడు పసుపు నీళ్లు పోసింది. ఇక చెప్పాలా? మళ్లీ ఒళ్లు దులిపాను. మొదటిదాని కంటే బాగా కుదిరింది. పసుపు చుక్కలు గాలిలోకి లేచి, పక్కన కట్టేసి ఉన్న మేకపోతు చెవి మీద పడ్డాయి.

మేకపోతు ఒళ్లు దులిపింది.

మూతి నుంచి తోక దాకా, అలలాగా, పొద్దున నేను మెచ్చుకున్న దులపరింపు ఏదైతే ఉందో, అదే. అమ్మవారి ఎదురుగా. పసుపు నీళ్లతో. ఎవరూ వంక పెట్టలేని విధంగా.

తిరుపతి కళ్లు మూసుకున్నాడు. మామగారు కత్తెర కింద పెట్టి, కత్తి కోసం చేయి చాపి, మధ్యలో ఆపేశారు. అందరమూ అత్తగారి వైపు చూశాం.

ఆమె మేకపోతును చూశారు. కొడుకును చూశారు. తరువాత చాలాసేపు నీళ్లను చూశారు, పొద్దున చేయి ముంచి కళ్లకద్దుకున్న చోటు వైపు. ఆ దీవి నిశ్శబ్దమంతా వచ్చి ఆమె చుట్టూ నిలబడినట్టు అనిపించింది నాకు. ఇంత చిన్న మనిషి దేవత ముందు నిలబడి ఏం చెప్పబోతున్నదోనని ఎదురుచూశాను.

"నాకైతె ఏం కనవడలే," అన్నారామె.

ఎవరికీ అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మొదట అర్థమైంది భూదవ్వకు.

"నాకు ఎట్లనూ కండ్లు ఆనయి," అన్నది.

"నేను ఎంటికలు ఏరుతున్న," అన్నది పద్మ.

"నేను పడవ దిక్కు సూస్తున్న," అన్నాడు కొమురయ్య.

"నేనైతె మీకు తెల్సు గద," అన్నారు మామగారు, కుండను చూపించి.

అత్తగారు నా వైపు తిరిగారు. "అల్లుడా, మీరు? అన్ని పట్టి పట్టి సూస్తరు గద. మీకేమన్న కనవడ్డదా?"

తిరుపతి కళ్లు తెరిచాడు. గుడిలో నుంచి అమ్మవారు కూడా నా వైపే చూస్తున్నట్టు ఉంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి చూసినది చూసినట్టు, ఉన్నది ఉన్నట్టు రాసిన మనిషిని నేను.

"కళ్లజోడు నీళ్లల్ల పోయింది అత్తమ్మా," అన్నాను. అది ముక్కు మీదనే ఉంది. ఆమె దాన్ని చూశారు. తరువాత వంగి, పొయ్యిలో కట్టెలు పేర్చడం మొదలుపెట్టారు.

ఆ పూట అన్నంలోకి పచ్చిపులుసు తప్ప ఏమీ లేదు. అంత రుచి మళ్లీ ఎరగను. తిరుపతి రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. మేకపోతును అమ్మ పేరు మీద వదిలేశాం. అది కాలనీలో నిండు నూరేళ్ల ధీమాతో తిరుగుతూ, ఎవరి వాకిట్లో అంటే వారి వాకిట్లో మేసేది. నా చేతిలో చెంబు కనిపిస్తే మాత్రం లేచి వెళ్లిపోయేది. తిరుపతికి ఇప్పుడు సొంత పడవ ఉంది. ఊరు వచ్చినప్పుడల్లా ఇంజను ఆపుతాడు.

కనుక, ఇందుమూలముగా సర్వులకు తెలియజేయునదేమనగా: దేవతల ఎదుట నిలబడవలసిన ఏ ప్రాణినీ, ఏ వస్తువునూ ఇకపై నేను ముందుగా పరీక్షించను. మండు వేసవిలో మేక దాహంతో నన్ను వెతుక్కుంటూ వచ్చినా, దాని నోటి దగ్గరకు తప్ప చెంబు ఇంకెక్కడికీ పోనివ్వను. తడిసి ఉండగా ఏ గుడి దరిదాపులకూ పోను. పోయినా కదలకుండా, చెక్కినట్టు నిలబడతాను. ఈ ప్రతిజ్ఞను నేను పూర్తి స్పృహతో, కళ్లజోడు పెట్టుకుని చేస్తున్నాను. ఇక ఆ రోజు ఆ మేకపోతు నిజంగా ఒళ్లు దులిపిందా అని ఎవరైనా నన్ను అడగదలిస్తే, నాకు సహజమైన ఖచ్చితత్వంతో ముందే చెబుతున్నాను: నేనేమీ చూడలేదు.